చిన్నమణి ఎర్రతోక చేపలు

చిన్నమణి కర్మాంతరం నాడు చుట్టాల ఆడవాళ్లు ఇంట్లో చుక్క నీరు మిగలకుండా పారబోశారు. చావు జరిగిన ఇంట్లో నిలవనీళ్లు ఉంచకూడదు. బిందెలు, తొట్టి అయ్యాక కిటికీ దగ్గరి గాజుతొట్టి వాళ్ల కంటపడింది. అందులోని గప్పీ చేపల్ని గిన్నెలోకి వంచి, అద్దాలు పసుపునీళ్లతో కడిగి, కొళాయి నీళ్లు నింపి మళ్లీ వేశారు. పాపాతి మూలన కూర్చుని చూస్తూనే ఉంది. ఒక్కసారిగా కొత్తనీళ్లు పోయకూడదని మొగుడు చిన్నమణి ఎన్నిసార్లు చెప్పాడో.

తెల్లారేసరికి ఎర్రతోకలన్నీ తేలిపోయాయి. గుడియాత్తంలో రోజూ మగ్గం దిగి ఇంటికొచ్చాక, చిన్నమణి ఏళ్ల తరబడి ఎంచి ఎంచి జతకట్టించిన చేపలవి. నిప్పులాంటి తోక, దానికి సన్నని నల్లంచు. చావగా మిగిలినవి బూడిదరంగువి కొన్ని. అవి పిల్లలనుకుంది పాపాతి. పెద్దవైతే రంగొస్తుందని రోజూ పొద్దున కిటికీ తలుపు తీసి చూసేది. రంగు రాలేదు, పొట్టలు మాత్రం లావయ్యాయి.

వేలూరులో ఉండే ఆడబిడ్డ సురేఖ ఫోను చేసినప్పుడల్లా అదే మాట.

"బావిలో వేసేయ్ వదినా, దోమపిల్లల్నైనా తింటాయి. అన్నే లేకపాయ, వాటితో ఏం పని నీకు?"

"ఉండనీలే. ఇంట్లో కదిలేవి అవొకటే ఉండాయి."

ఆ ఎరుపు పోతే చిన్నమణి చేతిపని ఆ ఇంట ఏదీ మిగలదు. అతను నేసిన లుంగీలు ఎవరెవరో కట్టుకుని చింపేసి ఉంటారు. చివరికి పాపాతి ఒక చేపను మూత ఉన్న స్టీలు క్యానులో వేసుకుని వేలూరు బస్సెక్కింది.

"ఆస్పత్రికి భోజనమామ్మా?" అంది పక్క సీటావిడ.

"కాదు, చేప."

"వేయించిందా?"

"ఈదేది."

ఆవిడ కొంచెం జరిగి కూర్చుంది.

అక్కడ రంగుచేపలమ్మే సామ్యుల్ చిన్నమణికి పాత స్నేహితుడు. చేపను గాజుగ్లాసులోకి వంచి వెలుతురుకెత్తాడు.

"పిల్ల యాడిదక్కా, ఇది ఆడది. దీనికింక రంగు రాదు. పొట్ట కింది రెక్క చూడు, విసనకర్ర మాదిరి విప్పుకోని ఉండాది. మగదానికైతే పుల్ల మాదిరి ఉంటాది. తోక పక్కన నల్లమచ్చ చూస్తివా? కడుపుతో ఉండాది."

"మగవన్నీ ఎప్పుడో పోయినాయి కదప్పా."

"పోతే పోనీ. ఒకసారి కలిస్తే మగదాని బీజం నెలల తరబడి లోపల దాచుకుంటాది. ఇప్పుడు నా దగ్గర మగదాన్ని కొంటివంటే ఆ ఎరుపు వేరే రంగులో కలిసిపోతాది. నేనైతే నీకు అమ్మను."

"మరేం చేసేది?"

"పిల్లలు దాక్కునేదానికి నీటిపాచి దండిగా వెయ్యి. పుట్టంగానే తల్లే తినేస్తాది."

పాపాతి కొళాయి నీళ్లు బకెట్లో నిలవబెట్టి, కొంచెం కొంచెంగా మార్చింది. పాచి వేసింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, ఫ్యాను చప్పుడు ఆగిన ఇంట్లో ఒంటరిగా అన్నం తింటూ తొట్టివైపు చూస్తే, పాచి సందుల్లో కళ్లు కదిలాయి. ఒళ్లు కనబడదు, రెండేసి కళ్లు అంతే. ఎంగిలిచెయ్యి కడుక్కుని పెద్దచేపల్ని వేరు చేసింది. అప్పటికే చాలా పోయాయి.

మిగిలినవాటిని వారాల తరబడి గ్లాసులోకెత్తి చూసింది. విసనకర్ర రెక్క ఉన్నవి అటు, పుల్లరెక్క ఉన్నది ఇటు. అలాంటిది ఒక్కటే దొరికింది. దాని తోకకు మెల్లగా ఎరుపెక్కింది.

సురేఖ వచ్చి వంగి చూసింది. "అన్న చేపే వదినా."

"అంచు వంకరగా ఉండాది. మీ అన్నైతే ఇది పనికిరాదు అనేటోడేమో."

"నాకేమో బాగానే ఉండాది," అని సురేఖ బస్సుకు టైమవుతోందని లేచింది.

ఆమె వెళ్లాక పాపాతి ఆడచేపల తొట్టి ముందు కూర్చుంది. అన్నీ ఒకేలా ఉన్నాయి. దేన్ని జతచేస్తే అంచు తిన్నగా వస్తుందో చిన్నమణికి తెలుసు, ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు, ఆమె అడగలేదు. చాలాసేపు చూసి, ఒకదాన్ని తనే ఎంచి, వల ముంచింది.