నా కంచంలో డాక్టరుగారి భోజనం

బీదర్ బయట ఎర్రమట్టి గుట్ట మీద టీబీ ఆస్పత్రి పెట్టిన డాక్టరుగారు పోయిన నెల కన్నుమూశారు. ఆయన గురించి అందరూ పెద్దపెద్ద మాటలే చెప్పారు. అంత మొండిమనిషి ఇంకొకరు లేరని మాత్రం ఎవరూ అనలేదు. నేనంటాను. ఎనిమిది నెలలు ఆయన పేషెంటుగా ఉన్నదాన్ని, నాకా హక్కుంది.

హైదరాబాదులో ప్రాక్టీసు వదులుకుని వచ్చి, రెండు రేకుల షెడ్లతో మొదలుపెట్టారు. గోడల నిండా కిటికీలే. చలికి వణుకుతుంటే "గాలే సగం మందు" అనేవారు. నెత్తి మీద ఎయిర్‌ఫోర్సు విమానాలు గోల చేస్తే, "మన దగ్గు ఊరికి వినపడకుండ చేస్తున్నరు, పోనీయుండ్రి" అని నవ్వించేవారు. మాత్ర మింగాక నోరు తెరిచి చూపించాల్సిందే. ఒక బిడ్డను కన్నదాన్ని, నాకీ ఒకటో తరగతి పరీక్షేమిటని మండిపడేదాన్ని.

ఆయనకో పద్ధతి ఉండేది. జబ్బు నయమైందన్న కాగితం ఆస్పత్రిలో ఇచ్చేవారు కాదు. మనిషిని ఇంట్లో దింపి, అక్కడ భోంచేసి మరీ ఇచ్చేవారు. నన్నూ అలాగే జీపులో మా అత్తగారి ఊరు ధన్నూరకు తీసుకొచ్చారు. నా ధ్యాస కాగితం మీద లేదు, పాలు మాన్పించి వదిలివెళ్ళిన నా కూతురి మీద ఉంది. అత్తమ్మ దాన్ని చంకనేసుకుని, నన్ను చూడగానే రెండడుగులు వెనక్కి జరిగింది.

డాక్టరుగారికి కొత్త కంచంలో జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. నాకు గడప అవతల పెట్టింది, జబ్బు పడ్డప్పుడు వేరుచేసిన సొట్ట కంచంలో. ఆయన లేచి వచ్చి, నా పక్కన చతికిలబడి, నా కంచంలోంచే తినసాగారు.

"అయ్యో, అది దాని కంచం సాబ్!"

"తెల్సమ్మా. బాగైందని చెప్పింది నేనే. నా మాట నేనే నమ్మకుంటే నువ్వెట్ల నమ్ముతవ్?"

రెండో రొట్టె కూడా లాగించి, కూరలో కారం చాలలేదన్నారు. అత్తమ్మ కాసేపు గుడ్లప్పగించి చూసింది. తర్వాత పాపను తెచ్చి నా ఒళ్ళో దింపింది.

పాప నన్ను గుర్తుపట్టలేదు. కెవ్వుమంటూ నాయనమ్మ మెడ పట్టుకుని వేలాడింది. నా గుండె చెరువైంది.

అప్పుడు అత్తమ్మ పాపను ఒళ్ళో పెట్టుకుని, నా భుజానికి భుజం ఆనించి కూర్చుంది. రొట్టె ముక్క తుంచి నా చేతిలో పెట్టింది.

"నేను పట్టుకుంట. నువ్వే తినిపియ్యి. దానికి నీ చెయ్యి తెల్వాలె."

పాప ఏడుస్తూనే తింది. నేను ఏడుస్తూనే తినిపించాను.