బర్బారమ్మ గుగ్గిళ్లు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఏడాది నేను అక్కడి ఫహాహీల్ ఊళ్లో ఒక పాలస్తీనా టీచరమ్మ ఇంట్లో పనిచేసేదాన్ని. ఆమెను అక్కడి వాళ్ల మాటలో మామా, అంటే అమ్మా, అని పిలిచేదాన్ని. ఎరిగిన కడప వాళ్లంతా మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. మామా నా పాస్‌పోర్టు చేతిలో పెట్టి నన్నూ వెళ్లమంది. నేనే వెళ్లలేదు. మొండిదాన్నని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ పేరుంది, అది ఊరికే రాలేదు.

డిసెంబరులో బర్బారా పండుగ వచ్చింది. మామా వాళ్లు క్రైస్తవులు. గోడ మీది పటం చూపిస్తూ ఆ పునీతురాలి కథ చెప్పింది. ఎప్పుడో పాతకాలంలో, ఏసును నమ్మిందని కన్నతండ్రే గోపురంలో పెట్టి తాళం వేశాడట. తప్పించుకుని పారిపోతుంటే గోధుమ చేను ఉన్నపళంగా నిలువెత్తు పెరిగి ఆమెను దాచిందట. చివరికి ఆ తండ్రే పట్టుకుని తల నరికాడట. నాకు ఒళ్లు మండింది.

"మా వైపైతే ఈమెకు గుడి కట్టి, పేరంటాలని మొక్కుతాం మామా," అన్నాను. అన్యాయంగా పోయిన ఆడబిడ్డను మేం అట్లాగే కొలుస్తాం.

పండుగ రోజు గోధుమలు ఉడికించి ఇరుగుపొరుగుకు పంచడం వాళ్ల ఆచారం. ఉన్న కాసిన్ని గోధుమలూ నాకిచ్చి, వండమని చెప్పి మామా లోపలి గదిలోకి వెళ్లింది. ఆమె దగ్గర చదువుకున్న కువైటీ అమ్మాయి మూడు రోజులుగా ఆ గదిలో దాక్కుని ఉంది. ఆ పిల్ల అన్న కోసం సైనికులు వెతుకుతున్నారు. అన్న దొరక్కపోతే చెల్లెల్ని తీసుకుపోతారని భయం.

పేరంటాలికి పెట్టేవి గుగ్గిళ్లే కదా అని నేను ఉప్పేసి, ఎండుమిర్చి, ఆవాలు దండిగా తిరగమాత పెట్టాను. మామా రుచి చూసి తల పట్టుకుంది. వేయాల్సింది చక్కెర, సోంపు అట! మళ్లీ వండడానికి ఇంట్లో గింజ లేదు.

అంతలో పక్కింటామె వచ్చి, వీధి చివరి నుంచి ఇళ్లు సోదా చేస్తున్నారని చెప్పింది. నాలుగు వీధుల అవతల ఆ పిల్ల మేనత్త ఇల్లుంది. అక్కడ సోదా ముందురోజే అయిపోయింది. కానీ దారిలో సైనికుల కాపలా.

నేను ఆ పిల్లకు నా చీర కట్టాను. తలకు నూనె రాసి, జడేసి, బొట్టు పెట్టాను. "నువ్వు నా చెల్లెలివి, మూగదానివి. నోరు తెరిస్తే ఇద్దరం పోతాం," అని వచ్చిన అరబీలో చెప్పాను. గుగ్గిళ్ల గిన్నె చంకన పెట్టుకుని బయల్దేరాం.

కాపలా సైనికుడు ఆపాడు. గిన్నెలో చెయ్యి పెట్టి గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. కారానికి పొలమారి, కళ్లు తుడుచుకుని, మరో గుప్పెడు తీసి ఆ పిల్ల చేతిలో పోశాడు. తినమన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మిరపకాయ ఎరగని పిల్ల! ఎండుమిర్చితో సహా నమిలి మింగింది. కంట్లో చుక్క రానివ్వలేదు. అప్పుడు నిజంగానే అది నా చెల్లెలనిపించింది.

"యల్లా," పొండని చెయ్యూపాడు వాడు.

మేనత్త తలుపు మూశాక గానీ పిల్ల నీళ్లడగలేదు.

ఇద్దరం వెళ్లాం, వచ్చేది ఒక్కదాన్నే. ఆ సంగతి మాలో ఎవ్వరికీ తట్టలేదు. కాపలా దగ్గర వాడే ఉన్నాడు.

"నీ చెల్లెలేది?"

ఎక్కడినుంచి వచ్చిందో నాకంత కోపం! "పనిలో పెట్టి వచ్చాను. మీరొచ్చినాక మేం కూడు తినొద్దా?" అని గట్టిగా అరిచాను. వాడు నేల చూపులు చూసి పక్కకు తప్పుకున్నాడు.

ఇల్లు చేరాను. మామా నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. జరిగిందంతా విన్నది. విని, గోడ మీది పటం వైపు కాదు, నా వైపు తిరిగి సిలువ గుర్తు వేసుకుంది.

వద్దు మామా అన్నాను. మనసులో మాత్రం వద్దనుకోలేదు.