పైన ఏమీ రాయని రిజిస్టర్

అవ్వ చెలక దక్కుతుందో లేదో ఇప్పటికీ తెలియదు. ఆమె చేత వేలిముద్ర వేయించింది మాత్రం నేనే.

అచ్చంపేటలో డిగ్రీ చదువుతున్నప్పుడు, మా ఊరి భూములు ఫ్యాక్టరీల కోసం సర్కారు తీసుకుంటుందని తెలిసింది. అందులో అవ్వ వానల మీదే పల్లీలు పండించే మూడెకరాల చెలక కూడా ఉంది. ఊళ్లోని కాలేజీ పిల్లలమంతా వాట్సాప్ గ్రూపు పెట్టాం. రోజుకో వీడియో, పూటకో పోస్టు. చేతిలో ఫోన్ ఉంటే సర్కారు దిగివస్తుందని నా నమ్మకం. ఎంత పొగరో.

అధికారులు గ్రామసభ పెట్టి రైతుల అభిప్రాయం వింటామన్నారు. "ఇంట్ల ఎవ్వలు ఉండొద్దు. అందరు వచ్చి బడి తలుపుకాడ సంతకం పెట్టుండ్రి. మనం ఎంతమందిమో ఆల్లకు తెల్వాలె" అని గ్రూపులో పెట్టింది నేనే. బడి వరండాలో బల్ల మీద రిజిస్టర్ ఉంచి, హాజరు కోసమన్నారు. ఊరంతా వరుస కట్టింది. నేను ఎడమ చేత్తో వీడియో తీస్తూనే ఉన్నాను. అందరికంటే ముందున్న అవ్వ వెనుకాడింది.

"చదవకుంట ముద్రేస్తరానే?"

"హాజరే అవ్వా. బళ్లె పిల్లలకు ఏసినట్టు" అని నవ్వి, కుడి చేత్తో ఆమె బొటనవేలు పట్టి సిరాలో అద్ది, పేజీ మీద నొక్కాను. లోపల ఒక్కరు కూడా భూమి ఇస్తామనలేదు. సభ అయ్యాక పెళ్లివారిలా ఫోటోలు దిగాం.

కొన్నాళ్లకు భూసేకరణ ఆఫీసు నుంచి కాగితాలు వచ్చాయి. అందులో ఆ పేజీ నకలు ఉంది. దాని పైభాగాన, కింద సంతకాలు చేసిన రైతులు భూములిచ్చేందుకు ఒప్పుకున్నారని కొత్తగా రాసి ఉంది. మొదటి వరుసలో అవ్వ వేలిముద్ర. ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. వాకిట్లో ఎవరు గుసగుసలాడినా నా గురించే అనిపించేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను ఊరందరి చేతా తొక్కించాను.

ఫోన్‌లో వీడియో వెతికాను. అవ్వ వేలు ఆనుతున్నప్పుడు పేజీ స్పష్టంగా కనిపిస్తోంది. పైన ఏమీ రాసి లేదు. మాకున్న రుజువు అదొక్కటే. సరిగ్గా అక్కడే నా గొంతు, నా నవ్వు. ఆ ముక్క వినపడకుండా చేద్దామంటే, గ్రూపులో ఒకతను వద్దన్నాడు. "ఒక్కకాడ కోసినా దొంగ వీడియో అంటరు." బయట పెడితే ఊరికి ముఖం ఎలా చూపించాలి? పెట్టకపోతే చెలక పోతుంది. మధ్యాహ్నమంతా ఫోన్ పట్టుకొని కూర్చున్నాను.

చివరికి అవ్వకు చూపించాను. కళ్లద్దాలు సర్దుకొని మొత్తం చూసింది.

"గా గొంతు నీదేనా?"

"నాదే అవ్వా."

తిడుతుందని తల దించుకున్నాను.

"గట్లనే ఉండనియ్యి బిడ్డా. నిన్ను నమ్మి ఏసిన్నని గూడ అందరికి తెల్వాలె గద."

తిట్టినా బాగుండేది. ఏమీ కత్తిరించకుండా, ఆమె పక్కనే కూర్చొని వీడియో పెట్టేశాను.