బీటా కాపీలో ఉన్న ఉత్తరం

దయ్యాలున్నాయని నేను ఏ రోజూ అనుకోలేదు. ముక్తేశ్వరం రేవులో మా నాన్న ముప్పై ఏళ్ళు లాంచీ సరంగుగా పనిచేశారు. తెల్లవారుజామున గోదారి మీద ఏదో కనిపించిందని ఎవరైనా చెబితే, మంచు కనిపించి ఉంటుంది, లేకపోతే తాగినవాడు కనిపించి ఉంటాడు అనేవారు. నేను చదివింది లెక్కలు. ఇది చెప్పడం ఎందుకంటే, కింద రాసింది చదివి నేను ఇలాంటివి తొందరగా నమ్మే మనిషినని ఎవరూ అనుకోకూడదు.

ఉమ, నేను అమలాపురంలో డిగ్రీ కలిసి చదివాం. చదువయ్యాక ఇద్దరం కలిసి ఒక కంప్యూటర్ సెంటర్ పెట్టాం. ఆడపిల్లలకి కంప్యూటర్ నేర్పేవాళ్ళం, పెళ్లిపత్రికలు, కరపత్రాలు తెలుగులో టైపు చేసి ఇచ్చేవాళ్ళం. నాలుగు మెషీన్లు, ఒక ప్రింటరు. ఇల్లు రూతమ్మగారిది. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు, పై అంతస్తులో ఒక్కరే ఉండేవారు. కింది భాగం మాకు అద్దెకిచ్చారు. ఒప్పందం మా ఇద్దరి పేర్ల మీదా రాయించారు. రేపు పెళ్లిళ్లయ్యాక కూడా మీ ఇద్దరికీ ఇది ఉండాలమ్మా అని ఆవిడే పట్టుబట్టారు.

రెండువేల ఒకటిలో, వేసవి ఇంకా ముదరకముందు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఉమ బాబాయిగారబ్బాయి ఒక సీడీ పంపించాడు. త్వరలో రాబోయే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్. అమ్మకానికి పెట్టకముందు, వాడి చూసి తప్పులు చెప్పమని ఇచ్చే కాపీ. దాన్ని బీటా అంటారు. అందులో తెలుగు నేరుగా వస్తుందని, విడిగా ఫాంట్లు వేసుకోనక్కర్లేదని చెప్పాడు. మా ఇద్దరికీ పండగలా అయింది. ఏ తేడా వచ్చినా తేదీ, టైము వేసి రాసి పంపమన్నాడు. నేను ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. రాయడం నా పని, ప్రతి పేజీ కింద ఇద్దరం సంతకం పెట్టాలి. ఈ పద్ధతి ఉమ పెట్టిందే.

మూడో మెషీన్‌కి రాజమండ్రి నుంచి కొత్త హార్డ్ డిస్క్ తెప్పించాం. కవరు నా చేత్తోనే చించాను. పొద్దున్న పదిగంటలకి సీడీ పెట్టాం. మధ్యలో కరెంటు పోయి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. పూర్తయ్యేసరికి పన్నెండు దాటింది. ఆ రోజు నాన్న కళ్ళజోడు మార్పించుకోవడానికి అమలాపురం వచ్చారు. అమ్మ ఇచ్చిన క్యారేజీ తెచ్చి, అక్కడే బల్ల మీద పెట్టుకుని మాతో పాటు భోజనానికి కూర్చున్నారు.

తెర మీద కొత్త రంగులు వచ్చాయి. డాక్యుమెంట్ల ఫోల్డర్ తెరిస్తే లోపల ఒక ఫైలు ఉంది. దానికి పేరు లేదు. మేము అప్పటికి ఒక్క అక్షరం టైపు చేయలేదు. తెలుగు కీబోర్డు ఎక్కడుందో వెతుక్కోవడం కూడా మొదలుపెట్టలేదు.

తెరిచాను. తెలుగులో ఉత్తరం. సరదాగా పైకి చదవడం మొదలుపెట్టాను.

"గౌరవనీయులైన రూతమ్మగారికి ఉమ నమస్కరించి వ్రాయునది. నా భాగస్వామి సత్యవతి తండ్రిగారు ఇటీవల కాలం చేసినందున, ఆమె మూడు వారాలుగా సెంటరుకు రావడం లేదు. ఇకముందు కూడా రాలేనని చెప్పినందున, ఆమె అంగీకారంతో, అద్దె ఒప్పంధం నా ఒక్కదాని పేరున తిరిగి వ్రాయించవలసిందిగా కోరుతున్నాను."

సత్యవతిని నేనే. 'కాలం చేసినందున' దగ్గర ఆగిపోవాల్సింది. చదివే ఊపులో నోరు ముందుకు పోయింది. నాన్న ముద్ద చేతిలో పట్టుకుని వింటున్నారు.

"తేదీ ఏం వేసేరమ్మా?" అన్నారు.

కింద చూశాను. ఇంకా నాలుగు నెలలుంది. చెప్పాను.

"ఆయ్. అయితే ఈ పూటకి పెరుగన్నం తినొచ్చు," అని తిన్నారు.

నేను నవ్వలేకపోయాను. ఉమ వైపు చూశాను, అది చేసిన తమాషా ఏమోనని. దాని మొహం పాలిపోయింది. నేనెందుకు చేస్తానే, నీతోనే కదా ఉన్నాను పొద్దుటి నుంచీ అంది. నిజమే. వెంటనే మౌస్ నా చేతిలోంచి తీసుకుని ఆ ఫైలు చెరిపేయబోయింది. రాసుకోనీ అని ఆపాను. ఉత్తరం మొత్తం, తేదీతో సహా, ఒప్పందం అన్న మాటలో పడ్డ ఒత్తుతో సహా నోట్‌బుక్‌లోకి ఎక్కించాను. ఇద్దరం సంతకం పెట్టాం. తర్వాత ఉమ ఆ ఫైలు చెరిపేసింది.

హైదరాబాదుకి ఫోన్ చేస్తే, సీడీ పంపిన ఆ అబ్బాయి నమ్మలేదు. ఆ సీడీ విదేశంలో తయారైంది, అందులో మీ పేర్లెలా ఉంటాయక్కా అన్నాడు. డిస్కు తుడిచేసి మళ్ళీ ఎక్కించమన్నాడు. ఎక్కించాం. ఈసారి ఫోల్డర్ ఖాళీగా ఉంది. ఆ బీటాతో మా ప్రింటరు సరిగ్గా పనిచేయలేదు. నెల తిరక్కుండానే తీసేసి పాతదే పెట్టుకున్నాం. నోట్‌బుక్ నేను ఇంటికి తీసుకెళ్ళి నా పుస్తకాల్లో పడేశాను.

మూడు నెలలు గడిచాక ఒక పొద్దున్న నాన్న గడ్డం గీసుకుంటూ అద్దం ముందు కూలబడ్డారు. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

ఉమ మొదటి బస్సుకే వచ్చింది. మా అమ్మ పక్కన మూడు రోజులు కూర్చుంది. వచ్చినవాళ్ళకి కాఫీలు ఇచ్చింది, నా తల దువ్వింది. నాకు ఆ ఉత్తరం గుర్తొచ్చింది. అలాంటి వేళ అలాంటిది గుర్తొచ్చినందుకు సిగ్గేసింది కూడా. అయినా ఉండబట్టలేక దాని చెవిలో అడిగాను, గుర్తుందా అని. ఇప్పుడవన్నీ ఎందుకే, పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు అంది.

వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "సెంటరు సంగతి మర్చిపో. అమ్మని చూసుకో. నేనున్నాను కదా," అంది.

ఆ మాట మీద అమ్మ దగ్గర నాలుగు వారాలు ఉండిపోయాను. సొంత అక్క ఉన్నా ఇంత చేసేది కాదని అమ్మతో అన్నాను కూడా.

నేను తిరిగి సెంటరుకి వెళ్ళిన రోజు మెట్ల దగ్గర రూతమ్మగారు పిలిచారు. పైకి తీసుకెళ్ళి మంచినీళ్ళిచ్చి, ఉమ ఇచ్చిన ఉత్తరం అంటూ ఒక కాయితం నా ముందు పెట్టారు. దాన్ని బట్టి కొత్త ఒప్పందం అప్పటికే రాసిచ్చేశారు. ఇది నువ్వు ఒప్పుకున్నదే కదమ్మా అని అడిగారు. అడిగేటప్పుడే ఆవిడ గొంతులో అనుమానం ఉంది.

కాయితం చదివాను. మాట వెంట మాట నాకు ముందే తెలుస్తోంది. తేదీ అదే. 'ఒప్పంధం' అని అదే తప్పు. ఉమ పెళ్లిపత్రికల్లో ఒక్క అచ్చుతప్పు కూడా రానిచ్చేది కాదు.

నేను ఒప్పుకోలేదు మేడమ్ అన్నాను. మర్నాడు ఇంట్లోంచి నోట్‌బుక్ తెచ్చి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండూ పక్కపక్కన పెట్టి, వేలు కింద పెట్టుకుంటూ మాట మాటా చూశారు. నా చేతిరాత చూశారు, పైన వేసిన తేదీ చూశారు, కింద రెండు సంతకాలూ చూశారు.

"నలభై ఏళ్ళు పేపర్లు దిద్దేనమ్మా. కాపీ కొట్టిందేదో చూస్తే తెలిసిపోద్ది నాకు," అన్నారు. రెండూ నా వైపు జరిపారు. "ఇందులో ఎవరు ఎవర్ని చూసి రాసేరో మాత్రం నాకు తెలీటం లేదు."

కిందికి వెళ్ళాను. మధ్యాహ్నం బ్యాచ్ నడుస్తోంది. ఉమ పాఠం ఆపి వరండాలోకి వచ్చింది. కాదంటుందనుకున్నాను. కాదనలేదు.

"ఆ రోజు నువ్వు చదివేదాకా నాకా ఆలోచనే లేదు సత్యా. మీ నాన్నగారు పోయేక అది మళ్ళీ బుర్రలోకి వచ్చింది. నువ్వు లేకపోయినా సెంటరు నడుస్తోంది. మూడు వారాలు చూసేను."

నేను ఒప్పుకున్నానని ఎందుకు రాశావని అడిగాను. అందులో అలాగే ఉంది కదా అంది.

మా ఇంట్లో నా తల దువ్వుతున్నప్పుడు ఆ ఉత్తరం దాని మనసులో ఉందా లేదా అని అడగాలనుకున్నాను. లోపల పిల్లలు కిటికీలోంచి చూస్తున్నారు. అడగలేదు.

కొత్త ఒప్పందం రద్దు చేస్తానని రూతమ్మగారు అన్నారు. వద్దన్నాను. ఆ గదిలో దాని పక్కన కూర్చుని మళ్ళీ పని చెయ్యగలననిపించలేదు. ఆవిడ సిఫారసు ఉత్తరం రాసిస్తే రాజోలులో ఒక స్కూల్లో చేరాను, లెక్కలు, కంప్యూటరు రెండూ చెప్పేదాన్ని. ఉమ ఆ సెంటరు ఇంకో నాలుగేళ్ళు నడిపి మూసేసిందని విన్నాను.

దీని గురించి నాకు తెలిసిన లెక్కలన్నీ వేసి చూశాను. రెండో ఉత్తరం సంగతి సరే, ఉమ గుర్తుపెట్టుకుని రాసిందనుకుందాం. తేదీ కూడా కావాలనే అదే వేసిందనుకుందాం. మొదటిది ఎవరు రాశారు? ఉమే ముందు డిస్కులో దాచిపెట్టిందనుకున్నా, ఆ కొత్త డిస్కు కవరు చించింది నేను. అన్నిటికంటే, పెరుగన్నం తింటూ కూర్చున్న మనిషి పోతారని ఎవరికి తెలుసు? కంప్యూటరు తెలిసినవాళ్ళు ముగ్గురికి నోట్‌బుక్ చూపించాను. ఒకాయన, మీరు తర్వాత రాసుకుని ఉంటారండి అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను, నేనైనా అదే అనేదాన్ని.

చాలా ఏళ్ళ తర్వాత రావులపాలెం బస్టాండులో ఉమ కనిపించింది. తప్పించుకుని వెళ్ళబోతే వెనకే వచ్చి నా పక్కన కూర్చుంది. జుట్టు సగం తెల్లబడింది. అమ్మ ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాను. తర్వాత నా వైపు చూడకుండానే చెప్పింది.

"ఆ రోజు రూతమ్మగారికి రాద్దామని కూర్చుంది వేరే ఉత్తరం. నువ్వొచ్చేదాకా అద్దెకి కాస్త ఆగమని అడుగుదామనుకున్నాను. పూర్తయ్యేక చూస్తే ఆ పాత ఉత్తరమే ఉంది. అప్పుడు చింపేయొచ్చు. చింపలేదు, పట్టుకెళ్ళి ఇచ్చేసేను."

రాజోలు బస్సు వచ్చింది. నేను ఎక్కేశాను.

వరండాలో చెప్పినదానికి ఇది వేరైనా, ఉమ అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు. అయినా నమ్మలేదు. ఆ ఉత్తరం ఉమ తనంతట తను రాయలేదని ఒప్పుకుంటే, నేను ఇన్నేళ్ళూ ఎవరి మీద కోపం పెట్టుకున్నట్టు? చింపలేదన్న ఒక్క ముక్క మాత్రం పట్టుకుని ఉన్నాను. మిగతాది నాకు ఇప్పటికీ తెలియదు.