రెండో తాళంచెవి

ఇది జరిగింది. నిజంగా జరిగింది. ఇదివరకు చెప్పినప్పుడల్లా మా అమ్మ మీద ఒట్టు పెట్టి మొదలుపెట్టేవాణ్ణి. ఈసారి ఒట్టు పెట్టను. ఒట్టు పెట్టిన ప్రతిసారీ సగమే చెప్పాను కాబట్టి.

ఆ సగం మీలో కొందరు వినే ఉంటారు. పెళ్ళి విడిదుల్లో, రైలు ప్రయాణాల్లో, కరెంటు పోయిన రాత్రుల్లో డాబాల మీద... "మూర్తీ, ఆ మిషను సంగతి చెప్పవోయ్" అని అడిగి మరీ చెప్పించుకునేవాళ్ళు. విన్నవాళ్ళు వెనక్కి తిరిగి చూసుకుంటుంటే నాకు సరదాగా కూడా ఉండేది. కానీ ఆ రాత్రి నా దగ్గర ఎవరి తాళంచెవి ఉందో ఒక్కసారీ చెప్పలేదు. అది సువార్త గారిది. దాని వల్ల ఆవిడకు ఏమయిందో కూడా చెప్పలేదు.

ఇప్పుడు మొత్తం చెబుతాను.

దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన ఏడాది అది. నేను బెజవాడలో ఒక కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఏలూరు కాలువ పక్కన ఆఫీసు. కంపెనీ పేరెందుకు, అది ఇప్పుడు లేదు. డెల్టా అంతటా దానికి గోడౌన్లు, ధాన్యం మిల్లులు, లారీలు ఉండేవి. పనివాళ్ళ వివరాలన్నీ అట్ట కార్డుల మీద ఉండేవి. మనిషికో కార్డు. కార్డు నిండా వరసగా చిల్లులు. ఏ చిల్లు ఎక్కడుందో చూసి ఆ మనిషి ఊరు, పుట్టిన ఏడు, పనిలో చేరిన తేదీ మిషను చెప్పేది. ఇప్పుడు మా అబ్బాయి డేటాబేస్ అంటాడే, అదే. మేము కార్డుల గది అనేవాళ్ళం. కార్డు ఉంటే మనిషి ఉన్నట్టు. కార్డు లేకపోతే ముప్ఫై ఏళ్ళు బస్తాలు మోసినా లేనట్టే.

అందుకే ఆ గదికి రెండు తాళాలు. ఒక తాళంచెవి నాది, రెండోది సువార్త గారిది. ఒకరు లేకుండా ఇంకొకరు లోపలికి వెళ్ళకూడదు. వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు ఇద్దరూ పుస్తకంలో సంతకం పెట్టాలి. తాళంచెవి చేతులు మారితే ఉద్యోగం పోతుంది. ఆ మాట తలుపు మీదే అచ్చువేసి అంటించారు.

సువార్త గారు కార్డులకు చిల్లులు కొట్టే ఆపరేటరు. భవానీపురం నుంచి వచ్చేవారు. ముప్ఫై లోపు వయసు. మాట తక్కువ, తప్పులు ఇంకా తక్కువ. నేను రాసిచ్చిన కాగితంలో పొరపాటుంటే, "మూర్తి గారూ, ఈయన పుట్టకముందే పనిలో చేరాడటండీ. మంచి పనివాడే" అనేవారు, తలెత్తకుండా.

ఏటా డిసెంబరు ముప్ఫై ఒకటి రాత్రి కార్డులు లెక్కపెట్టాలి. తెల్లారి మద్రాసు నుంచి ఆడిటరు వస్తాడు. పనివాళ్ళ పుస్తకంలో ఎందరి పేర్లున్నాయో గదిలో అన్ని కార్డులుండాలి. ఆ ఏడు ఒకటో తారీఖు ఆదివారం. ఆదివారమైనా ఆయన వస్తాడు.

రాత్రి తొమ్మిదిన్నరైంది. ఇంకా సగం సొరుగులు మిగిలాయి. సువార్త గారు నాలుగోసారి గడియారం చూశారు.

"వెళ్ళండి," అన్నాను.

"ఎలాగండీ?"

"పాత సంవత్సరం ఆరాధన కదా. మీ అమ్మగారు ఎదురుచూస్తుంటారు."

"ఉప్పెనలో మా పిన్నీవాళ్ళు పోయారు కదండీ. ఈ రాత్రి చర్చిలో వాళ్ళ పేర్లు చదువుతారట. అమ్మ ఒక్కతే తట్టుకోలేదు... కానీ తాళం?"

"ఇటివ్వండి. నేనే వేస్తా. పొద్దున్నే గేటు దగ్గర మీ చేతిలో పెడతా."

ఆవిడ తలుపు మీది కాగితం వంక చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత చేతిసంచీలోంచి తాళంచెవి తీశారు. ఎర్ర నూలు దారం కట్టి ఉంది.

"మర్చిపోరుగా?"

"మీ తాళంచెవి నేనేం తింటానా?"

నవ్వారు. వెళ్ళిపోయారు. సంతకాల పుస్తకంలో వెళ్ళిన వేళ రాయలేదు. రాస్తే ఇద్దరం దొరికిపోతాం. ఆ తాళంచెవిని బయట గడియకు వేలాడుతున్న ఆవిడ తాళంలోనే పెట్టి, నేను లోపలికొచ్చాను.

ఒక్కణ్ణే.

లెక్కపెట్టడానికి సార్టర్ అని ఒక మిషను ఉండేది. పైన తొట్టిలో కార్డులు పెడితే ఒక్కొక్కటే జారి కింద అరల్లో పడతాయి. కార్డు పడినప్పుడల్లా టప్ మంటుంది. పక్కన అంకెల చక్రం ఒకటి ముందుకు తిరుగుతుంది. వేగంగా నడిస్తే రేకుల మీద వాన కురిసినట్టుంటుంది.

పదకొండు దాటాక సముద్రపు వైపు గోడౌను సొరుగు తీశాను. అందులోంచి పదిహేను రోజుల కింద పదకొండు కార్డులు నేనే తీశాను. ఉప్పెనలో పోయినవాళ్ళవి. అవి మేనేజరు గారి బీరువాలో ఉన్నాయి. ఇక మిగిలినవి డెబ్భై నాలుగు. పుస్తకంలోనూ అంతే.

మిషను డెబ్భై ఐదు అంది.

మళ్ళీ వేశాను. డెబ్భై ఐదు.

చేత్తో లెక్కపెట్టాను. బల్ల మీద పదేసి చొప్పున పేర్చి, ఏడు దొంతర్లు, పైన నాలుగు. డెబ్భై నాలుగు.

మిషనుకు ఏదో అయిందనుకున్నాను. అంతకుముందు నడిచిన సొరుగు ఒకటి మళ్ళీ వేసి చూశాను. సరిగ్గా చెప్పింది. ఇంకొకటి. సరిగ్గానే ఉంది. ఈ సొరుగు దగ్గరికొచ్చేసరికే... డెబ్భై ఐదు.

ఈసారి కార్డులు కొద్దికొద్దిగా వేశాను. పక్కనే వంగి విన్నాను. టప్... టప్... టప్... చివరి కార్డు జారింది. పడింది. చక్రం డెబ్భై నాలుగు దగ్గర ఆగింది. హమ్మయ్య అనుకున్నాను.

టప్.

పైన తొట్టి ఖాళీ. కింద అరల్లో కొత్త కార్డేమీ లేదు. నేను చూస్తూనే ఉన్నాను. చక్రం మెల్లగా తిరిగి... డెబ్భై ఐదు.

అయినా అప్పటికింకా భయం కాదు. ఏదో బుద్ధి పుట్టింది. అరల్లోంచి కార్డులన్నీ తీసి సొరుగులో పెట్టేశాను. చక్రం సున్నాకి తిప్పాను. ఖాళీ మిషను నడిపించి నిలబడ్డాను. బెల్టు తిరుగుతోంది. మోటారు మూలుగుతోంది. కార్డుల మీది దుమ్ము వాసన. ఒక నిమిషం... రెండు నిమిషాలు... ఏమీ లేదు. నా పిచ్చికి నేనే నవ్వుకున్నాను. ఆపుదామని స్విచ్చి మీద చెయ్యి వేశాను.

టప్.

చక్రం మీద ఒకటి.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. నేను స్విచ్చి నొక్కలేదు. పోయింది. మోటారు మూలుగు సన్నబడి, సన్నబడి, ఆగింది. చీకటి. ఎక్కడో దూరంగా చర్చి గంటలు మొదలయ్యాయి. కొత్త సంవత్సరం వచ్చిందన్నమాట. గంటలు ఆగేదాకా నేను కదల్లేదు. ఆగాయి. అంత నిశ్శబ్దం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

టప్.

ఈసారి మిషను దగ్గర కాదు... నా వెనక. నాకూ తలుపుకూ మధ్య.

నేను తిరిగి చూడలేదు. గోడ తడుముకుంటూ, ఒంటిని గోడకేసి రాసుకుంటూ పక్కకి జరిగాను. తలుపు సందులోంచి సన్నగా వెన్నెల కనిపించగానే పరుగెత్తాను. మోచేయి బల్లకు తగిలింది. సొరుగు కింద పడింది. కాళ్ళ కింద కార్డులు సర్రున జారాయి. లేచాను. మళ్ళీ పడ్డాను. ఆ తర్వాత కాలువ గట్టు మీద ఉన్నాను. సైకిలు ఎప్పుడెక్కానో గుర్తులేదు.

ఇంతవరకు మీరు విన్నదే. ఇక్కడ ఆపేసి, "అదేమిటో ఇప్పటికీ తెలియదు" అనేవాణ్ణి. తర్వాతిది వినండి.

పొద్దున నేను కావాలనే ఆలస్యంగా వెళ్ళాను. గేటు దగ్గర సువార్త గారు నిలబడి ఉన్నారు. నాకోసమే. నేను తల దించుకుని లోపలికి నడిచాను. కార్డుల గది తలుపు బార్లా తెరిచి ఉంది. గడియకు వేలాడుతున్న తాళంలో ఎర్ర దారం. నేల మీది కార్డులన్నీ ఏరి లెక్కపెట్టారు. డెబ్భై మూడు.

రాత్రి ఒకటి ఎక్కువ. పొద్దున ఒకటి తక్కువ.

ఆడిటరు పెద్దాయన. గొంతు పెంచని మనిషి.

"ఈ తాళంచెవి ఎవరిదమ్మా?"

"నాదేనండీ. రాత్రి మూర్తి గారికి ఇచ్చి వెళ్ళాను. చర్చికి వెళ్ళాలని... తప్పేనండీ. కానీ ఆయనకే ఇచ్చాను."

మేనేజరు గారు నా వైపు తిరిగారు. "ఏమయ్యా?"

నాన్న పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. తమ్ముళ్ళిద్దరూ చదువుకుంటున్నారు. ఇవి కారణాలే. కానీ ఆ క్షణంలో నాకు ఇవేవీ గుర్తుకు రాలేదు. కిటికీ వంక చూశాను, కానీ తలుపు మీది కాగితమే కళ్ళ ముందుంది.

"లేదండీ. నేను తొమ్మిదిన్నరకే వెళ్ళిపోయాను. ఆవిడే ఉన్నారు. నా తాళం చెవి లేకుండా నొక్కితే పడేదే కదండీ, అదీ తనే వేస్తానన్నారు."

వాచ్‌మన్ రాత్రి సెకండ్ షోకి వెళ్ళాడు. ఆ సంగతి బయటపడకుండా, తను గేటు దగ్గరే ఉన్నానని, మేమెవరం ఎప్పుడు వెళ్ళామో గమనించలేదని చెప్పాడు. పదింటికల్లా సువార్త గారు చర్చిలో ఉన్నారనడానికి చాలామంది సాక్ష్యమున్నారు. ఆడిటరు చెయ్యి ఊపాడు. "కార్డు పోయింది పదికి ముందో, ప్రార్థన అయ్యాకో నాకెందుకు? తాళంలో చెవి ఉంది. గదిలో కార్డు లేదు."

ఆ ఉదయం నిజం చెప్పింది ఆవిడ ఒక్కరే. ఉద్యోగం పోయిందీ ఆవిడదే. కాగితంలో కంపెనీ రికార్డు మాయం చేసినందుకు అని రాశారు. తాళంచెవి ఇచ్చినందుకని కాదు. మాయం చేసినందుకని. ఊళ్ళో ఆ మిషన్లున్న ఆఫీసులు రెండో మూడో. ఆ కాగితం చూశాక ఆవిడను ఎవరు పెట్టుకుంటారు?

చీకట్లో చప్పుడు విని పారిపోయానంటే ఎవరు నమ్ముతారు, అందుకే చెప్పలేదు అని చాలా ఏళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. తాళంచెవి నా దగ్గరుందని చెప్పడానికి ఆ చప్పుడుతో పనేముంది?

చప్పుడు గురించి తర్వాత మెకానిక్‌ని అడిగాను. చెమ్మకు కార్డులు ఉబ్బుతాయండీ, చక్రం తప్పు తిరుగుతుంది అన్నాడు. కార్డు లేకుండా? బెల్టు అదురుకి తిరగొచ్చండీ. కరెంటు లేకుండా? "అప్పుడు మీరు భయపడి ఉంటారండీ" అన్నాడు. కావచ్చు. పోయినవాళ్ళే అనుకుందామంటే... పోయింది పదకొండు మంది. ఒక్క చప్పుడేమిటి? మాయమైన కార్డు ఎవరిదో కనుక్కున్నాను. నాగాయలంక మనిషి. బతికే ఉన్నాడు. వెళ్ళి చూశాను. బడ్డీకొట్టు దగ్గర నిలబడి టీ తాగుతున్నాడు. ఆ కార్డు మాత్రం దొరకలేదు. మిషను జరిపి చూశారు, నాపరాళ్ళు లేపి చూశారు. లేదు. నాకు తెలియదు. ఇరవై ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను... తెలియదు.

మొన్న బట్టలకని మంగళగిరి వెళ్ళాను. షాపులో చీరలు మడతపెడుతున్న ఆవిడ తలెత్తారు. సువార్త గారే. జుట్టు సగం నెరిసింది.

"మూర్తి గారేనా?"

అవునన్నాను. కాసేపటికి ఆ రాత్రిదంతా చెప్పాను, చప్పుడుతో సహా. ఆవిడ చీర మడత ఆపకుండానే విన్నారు.

"కరెంటు పోయేముందు చక్రం మీద అంకె రాసుకున్నారా?"

"లేదండీ."

"రాసుకోవాల్సింది." ఇంకో చీర అందుకున్నారు. "ఆ పొద్దున నేను మీ వంక చూశానండీ. మీరు కిటికీ వంక చూశారు. ఆ కిటికీలో ఏముందా అని ఇన్నాళ్ళూ అనుకున్నాను."

"క్షమించండి" అనబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇక్కడొద్దండీ. నేను తియ్యలేదని నాకు తెలుసు. నాకు చెప్పి ఏం లాభం? నేను మా అక్కావాళ్ళింట్లో ఉంటాను, ఈ వెనక వీధే. అక్క మంచిదే, ఒక్క మాట అనదు. కానీ బీరువా తీసేటప్పుడు ఈ రోజుకీ నేను గదిలోంచి వెళ్ళేదాకా ఆగుతుంది."

"పదండి," అన్నాను.

అక్కగారు వసారాలో కూర్చుని చేట ముందేసుకుని బియ్యం ఏరుతున్నారు. "ఎవరే ఈయన?" అన్నారు.

"పాత ఆఫీసాయన. నీతో ఏదో చెప్పాలట."

కుర్చీ చూపించారు. నేను కూర్చోలేదు. మాట తడబడకూడదని, ఒక్కొక్కటే చెప్పాను.

"అమ్మా, మీ చెల్లెలు ఏ కార్డూ తియ్యలేదు. ఆ రాత్రి తాళంచెవి ఇమ్మని నేనే అన్నాను. గది తెరిచి వదిలేసి పారిపోయింది నేను. పొద్దున నలుగురిలో అడిగితే, లేదని అబద్ధం చెప్పిందీ నేనే." తర్వాత ఆవిడ వైపు తిరిగాను. ఈసారి పక్కకి చూడలేదు. "సువార్త గారూ, మీ పని పోగొట్టింది నేను. మీ పేరు పాడుచేసింది నేను. తప్పు నాది. నన్ను క్షమించండి."