ఉప్పుగాలి మీద వేసిన నింద

ఆ జాలరికి నలభై ఏళ్ళుంటాయి. ఒడ్డునున్న కొండని గుర్తు పెట్టుకుని, వల వేసే చోటు పట్టేవాడు. ఆ కొండే ఇప్పుడు కనపడటం లేదని నా దగ్గరికి వచ్చాడు. ఉప్పుగాలీ ఎండా కళ్ళు తినేశాయని అతనే తేల్చేశాడు. నేను కంటి ముందుపొర చూసే కార్నియా డాక్టర్నై ఉండీ తలూపి, సరిగ్గా చూడకుండానే చుక్కల మందు రాసిచ్చి పంపేశాను. వేటకెళ్ళేవాళ్ళ కళ్ళు మసకేస్తే ఈ ఊళ్ళో ఎవరైనా మొదట అనేది అదే.

ఏడాదికి మళ్ళీ వచ్చాడు, అక్కని తోడు తెచ్చుకుని. ఆవిడ పూర్ణా మార్కెట్లో చేపలమ్ముతుంది. తమ్ముడి చెయ్యి పట్టుకుని రెండుసార్లు పక్క గదిలోకి వెళ్ళి తిరిగొచ్చింది. నాకసలే ముక్కు మీద కోపం. తలుపు మీద అంతేసి అంకె కనపడలేదా అని నోరు పారేసుకున్నాను.

"కనపడదు బాబూ. సిన్నప్పట్నించీ నాకూ మసకే."

ఆవిడ ఏనాడూ పడవెక్కలేదు. వాళ్ళలో ఆడవాళ్ళు వేటకి వెళ్ళరు. కళ్ళు పరీక్షించే మిషను ముందు కూర్చోబెట్టి చూస్తే, ఇద్దరి కార్నియాల్లోనూ ఒకేలాంటి బూడిదరంగు మచ్చలు. అడిగితే, వాళ్ళ అమ్మానాన్నలది మేనరికమన్నారు. వంశంలో వచ్చిన జబ్బుని ఏడాదిపాటు సముద్రానికి అంటగట్టినందుకు సిగ్గేసింది.

దాత కన్ను దొరకగానే ముందు తమ్ముడికి మసక కార్నియా తీసి కొత్తది కుట్టాను. కొన్నాళ్ళకి అక్కాతమ్ముళ్ళిద్దరూ వచ్చారు. కొండ కనపడుతోందన్నాడు. ఆ సంతోషంలోనే, అక్క కూతుర్ని తన కొడుక్కి చేసుకుంటున్నానని చెప్పాడు.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. మీ పిల్లల కళ్ళు బాగానే ఉన్నా, ఈ లోపం ఇద్దరిలోనూ దాగి ఉంటుందనీ, వాళ్ళు ఒకరినొకరు చేసుకుంటే పుట్టేవాళ్ళకి ఈ మసక రావచ్చనీ చెప్పాను. అతను తల దించుకున్నాడు. పిల్లలిద్దరూ చిన్నప్పట్నించీ ఆశపడ్డవాళ్ళని గొణిగాడు. ఆవిడే ఆ సంబంధం వద్దనేసింది. తర్వాత నా వైపు తిరిగి, మీది బయటి సంబంధమా అని అడిగింది.

మా ఆవిడ మా మేనమామ కూతురే. గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికొచ్చిన మా నాన్న కుదిర్చిన పెళ్ళి. ఆ మాటే చెప్పాను, మాకో కూతురుందని కూడా.

"మరి మీ పాప కళ్ళు సూసుకున్నారా బాబూ?"

చూసుకోలేదు. పదిహేనేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ కళ్ళన్నీ చూస్తూ, నా కూతుర్ని ఒక్కసారీ ఆ మిషను ముందు కూర్చోబెట్టలేదు. మర్నాడు ఉదయమే స్కూలు మాన్పించి తీసుకెళ్ళాను. రెండు కళ్ళూ తేటగా ఉన్నాయి. అయినా నమ్మకం చాలక, గడ్డం ఆన్చమని రెండోసారి చూశాను.