కారు అడుగున నున్నటి ముద్ర

నా భార్య పోయి మూడు నెలలు కావస్తోంది. టెక్కలి ఆసుపత్రిలో, డయాలసిస్ మంచం మీద, ఒక మంగళవారం మధ్యాహ్నం పోయింది. ఎడమ చేతికి గొట్టాలు ఉన్నాయి. కుడి చేతిలో కర్ర నునుపు చేసే ఉప్పు కాగితం ఉంది. ఒడిలో పిడికెడంత జీడి కర్ర ముక్క. నర్సమ్మ ఆ రెండూ ఒక కవర్లో వేసి నాకిచ్చి, దుప్పటి మీద పడ్డ కర్ర పొట్టు దులపబోయింది. దులపొద్దని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

ఉద్దానంలో ఈ కిడ్నీ జబ్బుతో పోవడం వార్త కాదు. అందుకని జబ్బు గురించి రాయను. ఆమె చేసిన కార్ల గురించి రాస్తాను.

మా ఊరు పలాసకూ మందసకూ మధ్య ఉంది. పెద్ద తుఫాను వచ్చినప్పుడు జీడి తోటలన్నీ నేలకొరిగాయి. ఎటు చూసినా కర్రే. మరుసటి వేసవిలో మా చర్చి పెద్దాయన, పిల్లల బైబిలు తరగతులు ముగిసే రోజున ఒక పందెం పెట్టాడు. పడిపోయిన చెట్ల కర్రతో తల్లో తండ్రో బిడ్డతో కలిసి ఒక చిన్న కారు చెయ్యాలి. చర్చి అరుగు మీంచి విరిగిన పడవ పలకలు ఏటవాలుగా దించుతారు. కింద జీడి తొక్కల బస్తాలు అడ్డం పెడతారు. తోయడం ఉండదు. పైన పెద్దవాళ్ల వేలు ఒకటి, బిడ్డ వేలు ఒకటి కారు మీద ఆనించి ఉంచాలి. పెద్దాయన వదలమనగానే ఇద్దరూ వేళ్లు తీస్తే కారు దానంతటది పోతుంది.

రెండో ఏడు కొందరు తండ్రులు వడ్రంగి చేత చేయించి తెచ్చారు. దాంతో ఆయన ఒక షరతు పెట్టాడు. రంగు ఆరకముందే, కారు అడుగున, చేసిన ఇద్దరూ బొటనవేలు నొక్కాలి. వేలిముద్ర వేసినవాడు అబద్ధమాడడని ఆయన నమ్మకం.

నా భార్య ముద్రకు గీతలు ఉండేవి కావు. చిన్నతనం నుంచి తల్లి పక్కన కూర్చుని పలాసలో జీడి పిక్కలు కొట్టింది. జీడి తొక్కలోని సొన చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిద రాసుకున్నా ఆగదు. పెళ్లినాటికే ఆమె వేళ్ల కొసలు అరిగిన సబ్బు బిళ్లల్లా నున్నగా ఉన్నాయి. రేషను డిపోలో మిషను ఆమె వేలిని ఎప్పుడూ ఒప్పుకోలేదు. నెలనెలా నేనే వెళ్లి వేలు పెట్టేవాణ్ని. ఒకసారి డిపో నుంచి తిరిగి వస్తూ నవ్వింది.

"నానున్నానని ఆ మిషనుకి తెల్దు బావా. పోయినా తెల్దు."

నేనూ నవ్వాను.

పందెంలో తల్లులు తక్కువ. మా ఇంట్లో మాత్రం కారు ఆమెదే. నేను బీకాం చదివి జీడి ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చునేవాణ్ని. మేకు తిన్నగా కొట్టడం రాదు. ఆమె జామ కొమ్మను బిళ్లలుగా కోసి చక్రాలు చేసేది. పాత గొడుగు ఊచలతో ఇరుసులు. వలకు కట్టే సీసం గుండు ఒకటి వెనక భాగంలో పొదిగేది. పెన్సిలు ఎప్పుడూ కొప్పులోనే. చెక్కిన పొట్టుతో పొయ్యి రాజేసి టీ పెట్టేది. మాట మధ్యలో ఆపేసి కారు వైపు చూస్తూ ఉండిపోయేది, ఆ మాట ఇంక పూర్తయ్యేది కాదు.

మా పాప చెయ్యగలిగిన పని తను ముట్టుకునేది కాదు. పాప రుద్దుతుంటే చూసేది. ఎక్కడైనా తేడా ఉంటే నోటితో చెప్పదు, అక్కడ వేలు పెడుతుంది. గీతల్లేని ఆ వేలికి మా కంటికి కనబడని గరుకు తెలిసేది. పక్కింటి పిల్లలు వచ్చి, అత్తా, అందరికన్నా ముందు పోవాలంటే ఏటి సెయ్యాల, అని అడిగేవారు. "ముందు పోయేది కాదురా, తిన్నగా పోయేది సెయ్యండి" అనేది. ఆ మాట ప్రకారమే మూడుసార్లు పందెంలో నిలబడ్డారు. ఒక్కసారీ గెలవలేదు. దాని గురించి ఇద్దరిలో ఎవరూ బాధపడినట్టు చూడలేదు.

నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టేవారు. ఎండ వాళ్ల మీద పడకుండా. "నువ్వు ఊరికే కూకో బావా, నీ నీడ సాలు" అనేది. పని చేతకానివాడికి కూడా ఆమె ఒక చోటు చూపించింది. అందుకు ఎప్పుడూ ఆమెకు కృతజ్ఞత చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఈ ఏటి కారు ఆసుపత్రిలోనే మొదలైంది. అక్కడ ఒంటి చేత్తో రుద్దేది, ఇంటికొచ్చిన రోజుల్లో పాపకు ఇచ్చేది. ఒకరోజు ఆటోలో తిరిగి వస్తూ, కళ్లు మూసుకునే చెప్పింది. "రంగు మాత్రం నాను నేకుండా ఎయ్యొద్దని దానికి సెప్పీసాను." ఎందుకలా చెప్పావని అడగలేదు. అడగాల్సింది.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు పాప ఆ కవరు తీసి, కర్ర ముక్కను కుట్టు మిషను మీద పెట్టుకుంది. పాపకు పదేళ్లు. ఇద్దరం కలిసి పూర్తిచేద్దామన్నాను.

"నువ్వు ముట్టుకోకు నాన్నా. ఇది అమ్మదీ నాదీ."

సబబే అనిపించింది. కిటికీ దగ్గర కూర్చోబోయాను. అక్కర్లేదంది.

సెలవులు వచ్చాయి. పగలు పాపను పక్కింట్లో ఉండే మా వదిన చూసుకునేది. ఒక సాయంత్రం వదిన నన్ను గేటు దగ్గరే ఆపింది.

"బాబూ, పిల్ల ఎవుల్తోటో మాటాడతంది. రోజూ."

పిల్లలు తమలో తాము మాట్లాడుకుంటారులే అన్నాను.

"మాటాడతాది, ఆగతాది. ఆగి ఇంటాది బాబూ. అదే నాకు బాగోనేదు."

మర్నాడు మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. కరెంటు లేదు. వీధిలో మనిషి లేడు. తలుపు ఓరగా ఉంది. పాప వీపు నా వైపు పెట్టి నేల మీద కూర్చుంది. పక్కన ఒక పీట వేసి ఉంది. పీట మీద ఎవరూ లేరు.

"ఇక్కడా?" అంది పాప. కొంచెం ఆగింది. "ఇక్కడ గరుగ్గా నేదమ్మా." మళ్లీ ఆగింది. వేలితో తడిమి చూసింది. "ఔను. ఉంది." ఉప్పు కాగితం తీసుకుని అక్కడ రుద్దసాగింది.

నేను చెప్పులు విడవకుండానే వెనక్కి తిరిగాను. వీధి చివరిదాకా నడిచి, చప్పుడు చేసుకుంటూ మళ్లీ వచ్చాను. అప్పటికి పీట గోడకు ఆనించి ఉంది. పాప స్నానానికి వెళ్లినప్పుడు, మాట తప్పి, రుద్దిన చోట వేలు పెట్టి చూశాను. నాకేమీ తెలియలేదు.

ఇరుసుల రంధ్రాలు తిన్నగా పడ్డాయి. చక్రాలు కుదిరాయి. ఎలా చేశావంటే, అమ్మ సెప్పింది అనేది. ఎప్పుడు చెప్పిందని నేను అడగలేదు. పందెం వారంలోకి వచ్చాక పాప ఆకుపచ్చ రంగు తెమ్మంది. పలాసలో చిన్న డబ్బా కొని తెచ్చాను. ఆటోలో విన్న మాట నాకు గుర్తుంది. ఏం చేస్తుందో చూద్దామనుకున్నాను.

పందేనికి రెండు రోజుల ముందు, సాయంత్రం, కారు గుమ్మంలో దారానికి తలకిందులుగా వేలాడుతోంది. రంగు ఆరుతోంది. అడుగున రెండు ముద్రలు. ఒకటి చిన్నది, గీతలతో. దాని పక్కన పెద్దది, గీతల్లేకుండా, నున్నగా, కొద్దిగా ఎడమకు ఒరిగి.

అటక మీంచి పాత కార్లు మూడూ దించాను. తిప్పి చూశాను. అదే ముద్ర. అదే ఒరగడం.

రంగు డబ్బా నా చేతులతో కొన్నది. ఆమెను మట్టిలో పెట్టి అప్పటికి రెండు నెలలు దాటింది.

భయం వేసిందని రాస్తే అబద్ధం. ఆమె ఇంట్లోనే ఉండి, పాపతో మాట్లాడుతూ, నాతో మాట్లాడటం లేదనిపించింది. చదువుకున్నవాణ్ని, కారణం వెతకడం తెలుసు. వెతకలేదు. దొరుకుతుందేమోనని. ఆ వారమంతా పాప కుడిచెయ్యి మూసుకుని తిరిగింది, అన్నం ఎడమచేత్తో చెంచాతో తింది. అది చూస్తూ కూడా అడగలేదు.

పందెం రోజున పెద్దాయన ఒక్కో కారూ తిప్పి ముద్రలు చూస్తున్నాడు. మా కారు దగ్గర ఆగిపోయాడు. సమాధి దగ్గర ప్రార్థన చేసింది ఆయనే. 

"ఇది ఎవులదమ్మా?"

"మా అమ్మది."

"రంగెప్పుడేసావు?"

"మొన్న."

ఆయన నా వైపు చూశాడు. తర్వాత వంగి, మెల్లగా, నీ సెయ్యొకసారి సూపించమ్మా అన్నాడు. పాప కుడిచెయ్యి వెనక్కి దాచుకుంది. చివరికి చూపించింది, ఆయనకు కాదు, నాకు. బొటనవేలి కొస నల్లగా కాలి ఉంది. చర్మం ఊడిపోయింది. గీత ఒక్కటి లేదు. వదిన వాళ్ల పెరట్లో పిక్కలు కొట్టి పడేసిన పచ్చి తొక్కలు ఏరుకుని, రోజూ వేలు వాటిలో నొక్కి ఉంచిందట.

"అమ్మ నేకుండా రంగు ఎయ్యొద్దంది కదా. అందుకే అమ్మ ఏలు సేసుకున్నాను. ఒక్క ఏలే నాన్నా. రెండోది నాదే." ఎడమ బొటనవేలు చూపించింది. పెద్దదిగా పడాలని కాలిన వేలిని అటూ ఇటూ దొర్లించిందట. ఎడమకు ఎందుకు ఒరిగించావంటే, అమ్మ అలాగే పెడతాది అంది.

అబద్ధపు ముద్ర ఉన్న కారును పక్కన పెట్టేస్తారు. ఆ షరతు ఆయన పెట్టిందే. పాప మొహం చూస్తే, కారును కాదు, తల్లినే పక్కన పెట్టబోతున్నారన్నట్టు ఉంది. ఆయన చాలాసేపు కారు చేతిలోనే పట్టుకున్నాడు.

"నువ్వే సెప్పు బాబూ. ఈ కారు ఎవులు సేసారు?"

"వాళ్లిద్దరూ" అన్నాను. "నేను చూశాను."

ఆయన కారు వరుసలో పెట్టాడు.

పాప వేలికి నా చేతిరుమాలు కట్టాను. పైన పట్టుకోవడానికి పెద్దవాళ్ల వేలు ఒకటి కావాలి కాబట్టి అరుగు ఎక్కాను. పాప నన్ను చెయ్యి పట్టి పక్కకు జరిపింది.

"నువ్విటు రా నాన్నా. అటు అమ్మ."

జరిగాను. పాపకు అవతల ఒక మనిషి నిలబడేంత చోటు మిగిలింది. పక్క కారు తాలూకు తండ్రి, ఎవరూ చెప్పకుండానే, తన కొడుకుని దగ్గరికి లాక్కుని ఇంకొంచెం ఎడం ఇచ్చాడు.

పెద్దాయన "ఒగ్గండి" అన్నాడు. మా వైపు వదలమనడానికి అదే మాట. వేళ్లు తీశాం. అన్ని కార్లూ దిగిపోయాయి.

మాది కదల్లేదు.

రంగు ఇరుసులకు పట్టేసి ఉంటుందని తర్వాత పెద్దాయన అన్నాడు. అయి ఉండవచ్చు. అప్పుడు మాత్రం అది ఏటవాలు పలక మీద, ముందు ఏ అడ్డూ లేకుండా, అలాగే నిలబడి ఉంది. కింద కార్లు బస్తాలకు తగిలి ఆగాయి. పిల్లల అరుపులు ఆగాయి. నేను వేలితో కొద్దిగా తోయబోయాను. పాప నా మణికట్టు పట్టుకుని ఆపింది. తను కారు వైపు చూడటం లేదు. అవతలి ఖాళీ చోటు వైపు చూస్తోంది. కొంచెం తల పైకెత్తి, పెద్దవాళ్ల మొహం ఉండే ఎత్తుకు.

"అమ్మా," అంది, నాకు మాత్రమే వినబడేంత మెల్లగా. "ఒగ్గీ."

కారు కదిలింది.  ఖాళీ పలకల మీద అదొక్కటే, జామకర్ర చక్రాలు సన్నగా చప్పుడు చేస్తుండగా, తొందర లేకుండా దిగిపోతూ ఉంది.